నిద్ర లేచాక అదే కార్డని ఎలా నమ్మడం? – కెర్నల్ మెయింటెయినర్లకు బహిరంగ లేఖ

లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌లో) యూఎస్‌బీ, ఎస్‌డీ కార్డులు, బ్లాక్ లేయర్ (డిస్క్‌లకి రైట్‌లు, రీడ్‌లు పంపే పొర), ఫైల్ సిస్టమ్‌లు, పవర్ మేనేజ్‌మెంట్ చూసుకుంటున్న మెయింటెయినర్లందరికీ,

నమస్కారం.

మా అక్క ఒక రోజు తన కెమెరా కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫొటోలు కాపీ చేసుకుంటోంది. మధ్యలో వేరే పని పడి మూత వేసేసింది. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లిపోయింది. కాసేపాగి కార్డు తీసి మళ్లీ కెమెరాలో వేసుకుని, ఆ పగలంతా ఫొటోలు తీసింది. సాయంత్రం కార్డుని అదే స్లాట్‌లో పెట్టి మూత తెరిచింది. ఫోల్డర్ విండో పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, కొత్త ఫొటోలు ఒక్కటీ కనబడలేదు. ఇంకా రిఫ్రెష్ కాలేదేమో అనుకుంది. ఈలోగా అక్కర్లేని పాత ఫొటో ఒకటి డిలీట్ చేసి, ఒక వీడియోని కార్డులోకి కాపీ చేసింది. తర్వాత కార్డుని కెమెరాలో పెడితే ఎర్రర్.

ఆ కార్డు నా దగ్గరికి వచ్చింది. ముందు దాని ఇమేజ్ (బైటు బైటుకీ పూర్తి కాపీ) తీసి పెట్టుకుని, బైట్లని నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూశాను. అది ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్ ఉన్న కార్డు. ఫ్యాట్‌లో ఒక్కో డైరెక్టరీ ఎంట్రీ (ఒక ఫైల్ పేరు, వివరాలు ఉండే చోటు) 32 బైట్లు, అంటే 512 బైట్ల సెక్టార్‌లో 16 ఎంట్రీలు పడతాయి. అక్క డిలీట్ చేసిన ఫొటో ఎంట్రీ మొదటి బైట్ ఈ5గా మారి ఉంది. డిలీట్ చేస్తే అలాగే మారాలి కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ అదే సెక్టార్‌లో, పాత ఫొటోల ఎంట్రీల తర్వాత కొత్త ఫొటోల ఎంట్రీలు ఉండాల్సిన చోట అన్నీ సున్నాలే. ఎందుకో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కెర్నల్ దగ్గర పొద్దుటి సెక్టార్ కాపీ ఒకటి మెమరీలో అలాగే ఉంది. అందులో ఒక్క బైట్ మార్చి, మొత్తం 512 బైట్లూ కార్డు మీద రాసేసింది. ఒక ఫైల్ డిలీట్ చేయడానికి మార్చిన ఆ ఒక్క బైటుతో పగలంతా తీసిన ఫొటోల పేర్లు పోయాయి.

ఏ క్లస్టర్ (కార్డు మీద చోటుని పంచే ముక్క) ఏ ఫైల్‌దో చెప్పే ఫ్యాట్ టేబుల్ ఇంకా ఘోరంగా ఉంది. పొద్దున ఖాళీగా ఉన్న క్లస్టర్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయనుకుని కెర్నల్ కొత్త వీడియోని సరిగ్గా కొత్త ఫొటోల మీదే రాసింది. ఫొటోలు మొదలయ్యే ఎఫ్‌ఎఫ్ డీ8 గుర్తుని వెతుక్కుంటూ మిగిలినవాటిని చాలావరకు బయటకి లాగగలిగాను. వీడియో కింద పడినవి మాత్రం మళ్లీ దొరకలేదు.

ఇది అక్క తప్పని నేను అనను. అన్‌మౌంట్ చేయకుండా (కార్డు తీస్తున్నానని మెషిన్‌కి ముందే చెప్పకుండా) కార్డు తీయకూడదని ఆమెకి తెలుసు. కానీ మూత వేశాక స్క్రీన్ ఆరిపోయింది, ఫ్యాన్ ఆగిపోయింది, కార్డు పక్కన లైట్ కూడా ఆరిపోయింది. ఇక మెషిన్ ఆ కార్డుతో ఏమీ చేయడం లేదనే ఎవరైనా అనుకుంటారు. నిజంగానే ఆ క్షణంలో అది ఏమీ చేయడం లేదు. చిక్కంతా లేచిన తర్వాత మొదలవుతుంది. నిద్రలో తనకి తెలియకుండా ఏం జరిగి ఉంటుందోనన్న అనుమానమే లేకుండా కెర్నల్ ఆపిన చోటి నుంచి పని కొనసాగిస్తుంది. నేను ఈ లేఖ రాస్తున్నది ఆ లేచే క్షణం గురించే.

ఇది మీకు కొత్త సంగతి కాదని తెలుసు. నిద్రలో పోర్టుకి కరెంట్ పోతే, ఆ పరికరం ఊడిపోయినట్టే లెక్క. లైనక్స్ మొదట్లో ఆ లెక్కే పాటించింది. లేచాక పాత పరికరం పోయింది, కొత్తది వచ్చింది అనుకునేది. దానితో మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ దిక్కు లేకుండా మిగిలిపోయేది. రూట్ ఫైల్ సిస్టమే యూఎస్‌బీ డిస్క్ మీద ఉంటే ఇక చెప్పేదేముంది. ఆ బాధ తీర్చడానికే యూఎస్‌బీ పర్సిస్ట్ అనే ఏర్పాటు వచ్చింది. 2006లో కెర్నల్ డెవలపర్ అలన్ స్టెర్న్ దాని మీద రాసిన డాక్యుమెంట్ ఇప్పటికీ కెర్నల్ సోర్స్‌తో పాటే వస్తోంది. లేచాక అదే పోర్టులో ఉన్న పరికరం వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ, డిస్క్రిప్టర్లు (పరికరం తన గురించి చెప్పుకునే వివరాలు), సీరియల్ నంబర్ పాతవాటితో సరిపోతే అది పాతదే అనుకుని ముందుకు పోతుంది. రీడర్ అదే ఉంచి లోపల కార్డు మారిస్తే కెర్నల్ కనిపెట్టలేకపోవచ్చనీ, డేటా చెడిపోతుందనీ ఆ డాక్యుమెంటే నిజాయితీగా ఒప్పుకుంటుంది. చెప్పాల్సింది చెప్పాం, వాడితే రిస్క్ మీదేనని పెద్ద అక్షరాల్లో హెచ్చరిస్తుంది. ఇప్పుడు ఆ పర్సిస్ట్ డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటోంది. ఆ పెద్ద అక్షరాలు చదవాల్సిన అవకాశం మా అక్కకి ఎప్పుడూ రాలేదు.

ఎస్‌డీ కార్డులని నేరుగా నడిపే ఎంఎంసీ వైపు కూడా ఇలాగే జరిగింది. ఒకప్పుడు నిద్రకి ముందు కార్డు తీసేసినట్టుగా భావించి, లేచాక మళ్లీ వెతుక్కోవడమే మామూలు పద్ధతి. కార్డులు ఉన్నచోటే ఉన్నాయని నమ్మాలంటే వేరే కాన్ఫిగ్ ఆప్షన్ ఉండేది. దాని పేరులోనే అన్‌సేఫ్ రెజ్యూమ్ అని ఉండేది. ఆ ఆప్షన్ ఇప్పుడు లేదు, నమ్మడమే మామూలు పద్ధతి అయింది. లేచాక కార్డు సీఐడీ రిజిస్టర్ చదివి పాతదానితో పోలుస్తుంది. 128 బిట్ల ఆ రిజిస్టర్‌లో తయారీదారు కోడ్, పేరు, 32 బిట్ల సీరియల్ నంబర్, తయారైన నెల, ఏడాది ఉంటాయి. మంచి పరీక్షే. వేరే కార్డు పెడితే దొరికిపోతుంది. అక్క పెట్టింది మాత్రం అదే కార్డు. కెమెరాలోకి వెళ్లి వచ్చినంత మాత్రాన సీఐడీ మారదు. యూఎస్‌బీ రీడర్ల ద్వారా అయితే ఆ సీఐడీ కూడా సాధారణంగా పైకి కనబడదు.

పరికరం అదేనా అన్న ప్రశ్నకి మీరు బాగా జవాబు చెబుతున్నారు. కార్డు అదేనా అన్నదానికి కొన్నిసార్లు చెప్పగలుగుతున్నారు. కార్డు లోపల ఉన్నది నేను వదిలినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందా అని మాత్రం అసలు ఎవరూ అడగడం లేదు. డేటా పోయేది ఆ ప్రశ్న దగ్గరే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటుంది. కింది పొరలకి చాలా సంగతులు తెలుసు, అవి పైకి చేరడం లేదు. యూఎస్‌బీ డ్రైవర్లలో రెజ్యూమ్‌కీ, రీసెట్ రెజ్యూమ్‌కీ వేరు వేరు దారులున్నాయి. మొదటి దారిలో వస్తే పోర్టుకి కరెంట్ పోలేదు, పరికరం ఊడి ఉంటే హబ్ ఆ సంగతి గుర్తు పెట్టుకుని చెప్పేది. రెండో దారిలో వచ్చామంటే నిద్రలో కరెంట్ పోయి ఉండొచ్చు, మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఈ రెండు పరిస్థితులకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. రెండో దారిలో వచ్చినప్పుడు యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ పైనున్న, డిస్క్ కమాండ్లు చూసుకునే స్కజీ పొరకి బస్ రీసెట్ అయిందని చెబుతుంది. అక్కడితో ఆ కబురు ఆగిపోతుంది. మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్‌కి మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది.

కార్డ్ రీడర్లు తమ వంతుగా ఇంకో గందరగోళం తెస్తాయి. కరెంట్ పోయి వచ్చాక చాలా రీడర్లు యూనిట్ అటెన్షన్ అనే హెచ్చరిక పంపిస్తాయి, మీడియం మారి ఉండొచ్చు అని. నిజంగా మారినా అదే మాట, మారకపోయినా అదే మాట. దాన్ని అక్షరాలా నమ్మితే ఎవరూ ముట్టుకోని కార్డు మీద కూడా మౌంట్ పోతుంది. మెషిన్ మేలుకుని ఉండగానే వాడని పరికరాలని నిద్రపుచ్చే రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో ఇది నిమిషానికోసారి జరగొచ్చు. అందుకే అలాంటి కొన్ని రీడర్ల కోసం లేచిన వెంటనే వచ్చే ఆ మాటని పట్టించుకోవద్దని కెర్నల్‌లో ఒక ప్రత్యేక ఫ్లాగ్ పెట్టారు. ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. నేనూ అలాంటి బోర్డుల మీద పని చేస్తాను, వేరే దారి లేక ఆ ఫ్లాగ్ వాడాను కూడా. అయినా మనసుకి నచ్చలేదు. మన దగ్గర ఉన్నవి రెండే దారులు: అయితే పూర్తిగా నమ్మడం, లేకపోతే పూర్తిగా నమ్మకపోవడం. సరిచూసుకోవడం అనే మూడో దారి లేదు.

ఆ మూడో దారి కోసమే నా విన్నపం.

కరెంట్ పోయిందేమో అన్న సంగతి కింది నుంచి బ్లాక్ లేయర్ దాకా, అక్కడి నుంచి ఫైల్ సిస్టమ్ దాకా రావాలి. మీడియం మారిందని కాదు, పోయిందని కాదు, అనుమానం ఉందని. అలాంటి కబురు అందిన ఫైల్ సిస్టమ్ మొదటి రైట్‌కి ముందు తన మెమరీలో ఉన్న మెటాడేటాని (ఫైళ్ల పేర్లు, అవి ఉన్న చోట్ల లెక్కలని) కార్డు మీద ఉన్నదానితో పోల్చి చూడాలి. సరిపోతే అనుమానం తీసేసి పని కొనసాగించాలి. సరిపోకపోతే ఒక్క సెక్టార్ కూడా రాయకుండా రీడ్ ఓన్లీకి మారి, ఆ సంగతి యూజర్‌స్పేస్‌కి (కెర్నల్ బయటి ప్రోగ్రామ్‌లకి) చెప్పాలి. నిజానికి రీడ్‌లని కూడా ఆపేయడం మేలేమో, పాత టేబుల్‌తో కొత్త క్లస్టర్లు చదివితే వచ్చేది చెత్తే. ఆ నిర్ణయం మీకే వదిలేస్తాను.

దీనికి ఎంత టైమ్ పడుతుందని అడుగుతారు. నేనూ లెక్క వేసి చూశాను. 32 జీబీ కార్డు, క్లస్టర్ 32 కేబీ అనుకుందాం. దాదాపు 10 లక్షల క్లస్టర్లు, ఒక్కోదానికి టేబుల్‌లో 4 బైట్లు, అంటే టేబుల్ మొత్తం 4 ఎంబీ. సెకనుకి 20 ఎంబీ చదివే సాదా కార్డు మీద కూడా అది సెకనులో ఐదో వంతు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఇంకా తేలిక. 128 జీబీ కార్డు, క్లస్టర్ 128 కేబీ అయితే ఏ క్లస్టర్ ఖాళీయో చెప్పే బిట్‌మ్యాప్ మొత్తం 128 కేబీయే. ఇవి కాక మెమరీలో ఉన్న డైరెక్టరీ సెక్టార్లని కూడా పోల్చాలి, ఎందుకంటే కెమెరా ఒక ఫొటో చెరిపి అదే చోట ఇంకోటి రాస్తే బిట్‌మ్యాప్‌లో తేడా కనబడకపోవచ్చు. అవి కూడా కెర్నల్ అప్పటికే చదివి పెట్టుకున్నవే కదా, మళ్లీ చదవాల్సినవి అంతవరకే. లైనక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 లాంటి వాటిలో అయితే, మొత్తం ఫైల్ సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాక్‌లోనే ఆఖరుసారి రాసిన సమయం, మౌంట్ అయిన సంఖ్య ఉంటాయి. ఇంకో మెషిన్ మీద రైట్ మోడ్‌లో మౌంట్ అయి వచ్చిందేమో ఒక్క బ్లాక్ చదివితే చాలావరకు తెలిసిపోతుంది. ఈ టైమ్ కూడా లేచిన ప్రతిసారీ కాదు, అనుమానం ఉన్నప్పుడు, అదీ మొదటి రైట్‌కి ముందు ఒక్కసారి. స్క్రీన్ వెలగడం దీని కోసం ఆగాల్సిన పనిలేదు.

ఇలాంటి జాగ్రత్త లోకంలో లేనిది కాదు. విండోస్ హైబర్నేట్ అయి (మెమరీని డిస్క్ మీద దాచి ఆగిపోయి) ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ని లైనక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్‌తో మౌంట్ చేయబోతే రైట్‌కి ఒప్పుకోదు. అవతల ఒకరు ఈ డిస్క్‌ని తెరిచి పెట్టుకుని నిద్రపోతున్నారు, మనం ముట్టుకోకూడదు అని దాని ఉద్దేశం. హైబర్నేషన్ గురించి మీ సొంత డాక్యుమెంటే, నిద్రకీ లేవడానికీ మధ్య డిస్క్ మీద ఏది ముట్టుకున్నా డేటా మీద ఆశ వదులుకోమంటుంది. లోపలి డిస్క్‌ని అలా ఎవరూ తీసుకెళ్లరు, కాబట్టి ఆ హెచ్చరిక సరిపోతుంది. కార్డు మాత్రం తీసి ఇంకో చోట పెట్టుకోవడానికే తయారైన వస్తువు. తీయొద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు.

నిద్రలోకి వెళ్లే వైపు కూడా కొంచెం మాట్లాడాలి. సస్పెండ్‌కి ముందు కెర్నల్ సింక్ చేస్తుంది (రాయాల్సినవన్నీ డిస్క్ మీద రాసేస్తుంది), మంచిదే. ఈ మధ్య నిద్రకి ముందు ఫైల్ సిస్టమ్‌లని ఫ్రీజ్ చేసే (కొత్త రైట్‌లు ఆపేసే) సదుపాయం కూడా లైనక్స్‌లోకి వచ్చింది. అది చూసి చాలా సంతోషించాను. కోడ్ చదివాక ఆ సంతోషం సగమైంది. ఫ్రీజ్‌కి కావాల్సిన ఆపరేషన్ లేని ఫైల్ సిస్టమ్‌లని అది దాటేసి వెళ్తుంది. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లకి ఆ ఆపరేషన్ లేదు. పెన్‌డ్రైవ్‌లూ, కెమెరా కార్డులూ ఎక్కువగా ఉండేది ఆ రెండిటి మీదే. ఎవరికైతే ఆ రక్షణ ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందడం లేదు. జర్నల్ (మార్పుల చిట్టా) లేదు కాబట్టి ఫ్రీజ్ చేసేందుకు ఏముందని అనొచ్చు. ఉంది. డర్టీ పేజీలన్నీ (మెమరీలో మారి ఇంకా కార్డుకి చేరనివి) రాసి, ఫ్రీ క్లస్టర్ల లెక్క సరిచేసి, డర్టీ బిట్ (ఇంకా అన్‌మౌంట్ కాలేదన్న గుర్తు) తీసేసి నిద్రపోతే, ఆ కార్డు నిద్రలో ఎవరు తీసుకెళ్లినా వాళ్ల చేతిలో ఉండేది చక్కగా అన్‌మౌంట్ చేసిన కార్డులాంటిదే. లేచాక మళ్లీ డర్టీ బిట్ పెట్టుకుంటే సరి. ఇదొక్కటి చేస్తే నేను పైన చెప్పిన పోలికకి కూడా పునాది దొరుకుతుంది, ఎందుకంటే నిద్రపోయే క్షణంలో మెమరీ, కార్డు రెండూ ఒకే మాట మీద ఉంటాయి.

సింక్‌కి పట్టే టైమ్ గురించి ఒక మాట. డిఫాల్ట్‌గా అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా డర్టీ పేజీలు పేరుకోవచ్చు. ఒక పెన్‌డ్రైవ్‌కి ఇంకా 2 జీబీ రాయాల్సి ఉందనుకోండి, అది సెకనుకి 5 ఎంబీ రాసే రకం అనుకోండి. దాదాపు ఏడు నిమిషాలు. మూత వేసి బ్యాగులో పెట్టేసిన ల్యాప్‌టాప్ ఆ ఏడు నిమిషాలూ లోపల మేలుకునే ఉంటుంది, వేడెక్కుతుంది. బ్యాగులో పెట్టే తొందరలో పెన్‌డ్రైవ్ లాగేస్తే అదీ పోతుంది. తీసి పెట్టుకునే పరికరాలకి డర్టీ పేజీల పరిమితి చిన్నగా ఉండాలి, రెండు మూడు సెకన్లలో రాసేయగలిగినంతే. పరికరం వారీగా పరిమితి పెట్టే మీటలు కెర్నల్‌లో ఉన్నాయి, కానీ డిఫాల్ట్‌గా ఎవరూ తిప్పడం లేదు. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకి క్విక్ రిమూవల్‌నే (రైట్‌లని మెమరీలో పేర్చకుండా వెంటనే రాసే పద్ధతినే) డిఫాల్ట్ చేశారు. స్పీడ్ కొంచెం తగ్గినా పర్వాలేదనుకున్నారు. నేను దానితో ఏకీభవిస్తాను.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల బాధ వేరు. వాటిలో తిరిగే పళ్లెం ఉంటుంది, హెడ్ ఉంటుంది. కరెంట్ ఉన్నట్టుండి పోతే హెడ్ ఉన్న కాస్త శక్తితో గబుక్కున వెనక్కి లాక్కోవాలి. అలా జరిగినప్పుడల్లా, డిస్క్ తన ఆరోగ్యం గురించి ఉంచుకునే స్మార్ట్ లెక్కల్లో 192వ నంబర్ పెరుగుతుంది. మీ దగ్గర పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే ఒకసారి ఆ సంఖ్య చూడండి. పోర్టుకి కరెంట్ ఆపేసే ముందు స్టాప్ కమాండ్ వెళ్లి ఉంటే అది అంత పెరగదు. దానితో పాటే ఇంకోటి. చాలా యూఎస్‌బీ బ్రిడ్జిలు (డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే చిప్‌లు) డిస్క్ క్యాష్ ఎలా పని చేస్తుందో చెప్పే క్యాషింగ్ మోడ్ పేజీని చూపించవు. అప్పుడు కెర్నల్ లాగ్‌లో ఆ పేజీ దొరకలేదనీ, క్యాష్ రైట్ త్రూ (రాసింది వెంటనే డిస్క్ మీదికి చేరే రకం) అని అనుకుంటున్నాననీ రెండు లైన్లు పడతాయి. అలా అనుకున్నాక నిద్రకి ముందు సింక్రనైజ్ క్యాష్ కమాండ్ పంపదు. బ్రిడ్జి వెనకున్న డిస్క్‌కి మాత్రం రైట్ బ్యాక్ క్యాష్ ఉంటుంది. అంటే సింక్ అయిపోయిందని మనం అనుకుంటున్న డేటా డిస్క్ ర్యామ్‌లోనే ఉండిపోయి, కరెంట్‌తో పాటు పోవచ్చు. తెలియనప్పుడు రైట్ త్రూ అనుకునే బదులు, తిరిగే డిస్క్ అని తెలిస్తే కనీసం నిద్రకి ముందైనా ఒక్కసారి ఆ కమాండ్ పంపి చూడండి. కొన్ని బ్రిడ్జిలు అది అందుకుని తికమక పడతాయన్న భయం ఉంది, అది నిజమే. అలాంటివాటికి ఎటూ మీ దగ్గర క్వర్క్స్ (వింతగా నడిచే పరికరాల) జాబితా ఉంది.

అన్‌మౌంట్ చేయకుండా తీసేవాళ్లకి ఇంత కోడ్ ఎందుకు రాయాలి అని మీలో కొందరు అనుకోవచ్చు. నిద్రలో ఉన్న మెషిన్ మీద అన్‌మౌంట్ చేయాలంటే ముందు దాన్ని లేపాలి. పాస్‌వర్డ్ కొట్టాలి, ఐకాన్ వెతకాలి, బటన్ నొక్కాలి, మళ్లీ మూత వేయాలి. ఒక కార్డు తీసుకోవడానికి ఇంత తతంగం ఎవరూ చేయరు, నేనూ చేయను. పైగా ఇక్కడ మనం అడుగుతున్నది తప్పు చేసినవాళ్లని కాపాడమని మాత్రమే కాదు. కెమెరా తీసిన కొత్త డేటా పూర్తిగా సరైనది, సరిగ్గా రాసినది. దాన్ని చెరిపింది మన కెర్నల్, తన దగ్గరున్న పాత కాపీయే నిజమని అనుకుని.

చెప్పడం సులువే, చేయడం కష్టమని నాకు తెలుసు. టాస్క్‌లన్నీ ఫ్రీజ్ అయి ఉన్నప్పుడు బ్లాక్ డివైజ్‌ని తీసేయబోతే రైట్‌బ్యాక్ కోసం ఆగి మెషిన్ హ్యాంగ్ అయిన రోజులున్నాయి. ఆ పనిని ఫ్రీజ్ కన్నా ముందే పిలిచే నోటిఫయర్‌లోకి జరిపితే గానీ అది తీరలేదు. లేచేటప్పుడు పోలిక కోసం చదవడం కూడా అలాంటి చిక్కుల్లో పడొచ్చు: పరికరం ఇంకా రెడీ కాకముందే ఫైల్ సిస్టమ్ తొందరపడొచ్చు, మెమరీ తక్కువగా ఉన్నప్పుడు చదవడానికి చోటు దొరకకపోవచ్చు. అందుకే మొదటి రైట్ దగ్గర చూడమంటున్నాను, రెజ్యూమ్ దారిలో కాదు. ముందు ఒక్క ఫ్యాట్‌తో మొదలుపెట్టినా చాలు.

నా వంతుగా చేయగలిగింది చేస్తాను. ఆ కార్డు ఇమేజ్‌ని చూసి, అందులో ఎవరి ఫొటోలూ లేకుండా, అదే పరిస్థితి మళ్లీ పుట్టించే చిన్న టెస్ట్ రాసి పెట్టుకున్నాను. 64 ఎంబీ ఫ్యాట్32 ఇమేజ్‌ని మౌంట్ చేసి, ఒక డైరెక్టరీ చదివించి, మెషిన్‌ని నిద్రపుచ్చి, బయటి నుంచి ఆ ఇమేజ్‌లో ఐదు ఫైళ్లు చేర్చి, లేపి, ఒక పాత ఫైల్ డిలీట్ చేస్తుంది. ఇప్పటికి ప్రతిసారీ ఆ ఐదు ఫైళ్లూ మాయమవుతున్నాయి. మీరు ఏ ప్యాచ్ పంపినా, అది సగం రాసిందైనా సరే, నా దగ్గరున్న రీడర్లన్నిటి మీదా ఈ టెస్ట్ నడిపి లాగ్‌లతో సహా జవాబు రాస్తాను. కరెంట్ పోని నిద్ర, కరెంట్ పోయే నిద్ర, రెండూ వేరు వేరుగా చూస్తాను.

ఇట్లు,
మీ కోడ్ రోజూ వాడే, అప్పుడప్పుడూ చదివే ఒక డ్రైవర్ ప్రోగ్రామర్